అలవాటు కాని చప్పుళ్ళు

తెల్లవారుజామున కలికిరిలో ఒక ఇల్లు అనుకుందాం. పెరట్లో బోరు మోటారు, వంటింట్లో మిక్సీ, పక్కనే కుక్కర్ విజిల్, గుడి మైకులో సుప్రభాతం, వీటన్నిటి మీదుగా పాకాల–ధర్మవరం లైన్లో వచ్చే రైలు కూత. ఇంట్లో నలుగురికి ఇవి చెవిన పడతాయి గానీ పట్టవు. అయిదో మనిషికి మాత్రం ప్రతి చప్పుడూ అప్పుడే మొదలైనట్టు వినిపిస్తుంది. అతనికి ముప్పై ఏళ్ళు. డిగ్రీ చదివాడు, మదనపల్లెలో ఉద్యోగం. చెవులు మూసుకుని కూర్చుంటే వాళ్ళమ్మ అనే మాట, చిన్నప్పుడు బళ్ళో అయ్యవారు అన్న మాట, ఇప్పుడు ఆఫీసులో పెద్దసారు అనే మాట ఒక్కటే: "నాల్రోజులు పోతే అదే అలవాటైపోతాదిలేప్పా."

ప్రేమతో చెప్పే మాటే. కానీ ఆటిజం ఉన్న చాలామంది విషయంలో అది జరగదు. ఎందుకు జరగదో తెలిస్తే, రోజు గడుపుకునే పద్ధతులన్నీ అక్కడినుంచే వస్తాయి.

కొత్తదాన్ని పట్టుకోవడం మెదడుకున్న పనుల్లో సగమే. పాతదాన్ని వదిలేయడం మిగతా సగం. ఒకే చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తుంటే దానికి మెదడు ఇచ్చే స్పందన తగ్గుతూ పోతుంది. అందుకే ఫ్యాను కింద నిద్రపడుతుంది, వేసుకున్న చొక్కా ఒంటిమీద ఉన్న సంగతే మరచిపోతాం. లాస్ ఏంజలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షులమైట్ గ్రీన్ బృందం పిల్లల్ని స్కానర్‌లో పడుకోబెట్టి ట్రాఫిక్ రొద వినిపించి, చేతికి గరుకు ఉన్ని తాకిస్తూ చూసింది. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆటిజంతో పాటు స్పర్శకూ శబ్దానికీ అతిగా ఇబ్బందిపడే పిల్లల్లో, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం సద్దుమణగలేదు. మిగతా పిల్లల్లో రెండోసారికీ మూడోసారికీ తగ్గిపోయిన స్పందన వీళ్ళలో నిలబడే ఉంది. ఇంకో సంగతీ గమనించాలి. ఆటిజం ఉండి కూడా ఇంద్రియాల ఇబ్బంది తక్కువగా ఉన్న పిల్లలు ఆ స్పందనను అదుపులో పెట్టుకోగలిగారు. కాబట్టి ఆటిజం ఉన్న ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి ఒకే మందు చెప్పడం కుదరదు.

ఇది ఇవాళ కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1943లో బాల్టిమోర్‌లోని మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం వైద్యశాస్త్రంలోకి వచ్చింది. పెద్ద చప్పుళ్ళకూ, ఇంట్లో వాడే యంత్రాలకూ ఆ పిల్లలు హడలిపోవడం ఆయన అప్పుడే రాశాడు. అయినా అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథంలో ఇంద్రియాల తేడాలు ఆటిజం లక్షణాల జాబితాకెక్కింది 2013లోనే.

ఆ 11 మందిలో మొదటివాడి పేరు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. పెద్దయ్యాక ఆ ఊళ్ళోనే బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. అతని కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే ఘట్టం 1942 నాటిది. తొమ్మిదేళ్ళ వయసులో అతన్ని ఊరికి దగ్గర్లో ఉన్న ఒక రైతు దంపతుల ఇంట్లో ఉంచారు. పిల్లవాడికి లెక్కపెట్టడం, కొలవడం తప్ప ధ్యాస లేదు. ఆ రైతు వద్దనలేదు. బావి తవ్వించి ఎంత లోతయిందో చెప్పమన్నాడు. మొక్కజొన్న సాళ్ళు ఒకటే పనిగా లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. కానర్ అక్కడికి వెళ్ళి చూసేసరికి ఆ పిల్లవాడు గుర్రంతో సాలు వెంట సాలు దున్నుకుంటూ, తిప్పుకుంటూ పోతున్నాడు. చికిత్స అన్న మాట ఎవరూ వాడలేదు. పిల్లవాడి ధ్యాసను పొలం పనిలోకి మళ్ళించారు, అంతే. చెనిక్కాయ సాళ్ళు చూసిన మన ఊళ్ళవాళ్ళకు ఇది చెప్పి అర్థం చేయించాల్సిన పని లేదు.

పెద్దయ్యాక కూడా అతని రోజు పట్టాల మీద నడిచినట్టు నడిచేది. పొద్దున స్నేహితులతో కాఫీ, తర్వాత నడక, టీవీలో పాత సీరియల్, సాయంత్రం నాలుగున్నరకు గోల్ఫ్. ఊరు అతన్ని అట్లాగే ఉండనిచ్చింది. అతని తల్లి పుట్టింటివాళ్ళకు ఆ బ్యాంకులో వాటా ఉందన్నది మరచిపోకూడదు. అందరికీ సొంత బ్యాంకు ఉండదు. కానీ ఊరు చూపిన ఓర్పుకు పైసా ఖర్చు కాలేదు, అది కలికిరికీ సాధ్యమే. చిన్న ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు. "ఆ అబ్బోడు మాట్లాడడు గానీ లెక్క తప్పడు" అని ఒకసారి తెలిసిపోతే అంగట్లో, బస్టాండులో, బ్యాంకులో పని సులువు. అదే చిన్న ఊళ్ళో "ఏం నాయనా, ఎప్పుడు పెండ్లి?" అని వీధి చివరిదాకా పదిమంది ఆపుతారు. రెండూ నిజమే.

ఇంట్లో మొదట చేయాల్సింది భరించే శక్తి పెంచుకోవడం కాదు, భరించాల్సిన దాన్ని తగ్గించుకోవడం. మిక్సీ వేసే ముందు ఒక్కమాట చెబితే చాలు, చెప్పిన చప్పుడు చెప్పని చప్పుడంత దెబ్బ కొట్టదు. మెడికల్ షాపులో దొరికే మెత్తటి ఫోమ్ ప్లగ్గులు, చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్లు చాలామందికి పనికొస్తాయి. అయితే రోజంతా పెట్టుకుంటే చెవి నిశ్శబ్దానికి అలవాటుపడి మామూలు చప్పుడు కూడా ఇంకా పెద్దగా వినిపించడం మొదలవుతుంది. కష్టమైన గంటలకే వాటిని దాచుకోవాలి. పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. మామూలు కంటికి అది నిలకడ వెలుగే, కొందరికి తలనొప్పి. దాని బదులు మినుకులేని మంచి ఎల్ఈడీ బల్బు పెట్టి, పగలు కిటికీ పక్కన కూర్చుంటే సాయంత్రానికి ఎంత ఓపిక మిగులుతుందో వాళ్ళే చెబుతారు. చొక్కా కాలర్ లోపలి లేబుల్ కత్తిరించడం, గంజి పెట్టకపోవడం, ఒంటికి పడిన గుడ్డ దొరికితే అదే రకం నాలుగు కొనుక్కోవడం చిన్న పనులుగా కనిపిస్తాయి. రోజంతా మెడ మీద గీరుకుంటున్నది తీసేస్తే మిగిలే ఓపిక చిన్నది కాదు.

లోపలి నుంచి వచ్చే కబుర్లు కూడా సరిగా అందకపోవడం ఇంకో చిక్కు. ఆకలి, దాహం, ఒంటికి పోవాల్సిన అవసరం, అలసట చాలామందికి బాగా ముదిరాక గానీ తెలియవు. కోపమో దుఃఖమో ఆందోళనో పేరు పెట్టి చెప్పలేకపోవడం ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందిలో కనిపిస్తుంది. "ఆకలేస్తే అడుగుతాడులే" అని వదిలేస్తే అడగడు, సాయంత్రానికి ఏ కారణమూ లేనట్టు గోడకేసి తల కొట్టుకుంటాడు. దీనికి దారి గడియారం. ఆకలితో నిమిత్తం లేకుండా ఒంటిగంటకు సంగటి, రెండు గంటలకోసారి నీళ్ళు, ఫోనులో అలారం. రోజూ ఒకటే తినడం మీద ఇళ్ళలో పెద్ద యుద్ధాలు జరుగుతాయి. వారంలో ఆరు రోజులు సంగటీ ఊరిబిండీనే తింటానంటే తిననివ్వండి. ఒంట్లో ఏదైనా లోటు వస్తుందేమోనన్న భయం ఉంటే డాక్టరును అడిగి రక్తపరీక్ష చేయించుకోవచ్చు. పెండ్లి భోజనంలో పదహారు రకాలు వడ్డించి పక్కన నిలబడి "ఇది తిన్యావా, అది తిన్యావా" అనడం మాత్రం మానాలి.

మన ఇళ్ళలో కూర్చున్నచోట కాళ్ళు ఊపితే దరిద్రం అంటారు. కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగడం, వేళ్ళు ఆడించడం, ఒకే మాట గొణుక్కోవడం చూసి ఇంటివాళ్ళు సిగ్గుపడతారు. స్టీవెన్ కాప్ బృందం 2019లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ళతో మాట్లాడి ప్రచురించిన అధ్యయనంలో వాళ్ళు చెప్పింది సూటిగా ఉంది: అది మమ్మల్ని మేము నిలబెట్టుకునే పద్ధతి, మాన్పించొద్దు. పొంగుకొచ్చిన ఆందోళనను ఒక లయలో పెట్టి దించుకోవడం అది. ఒంటికి దెబ్బ తగలనంతవరకూ దాన్ని ఆపకూడదు. నలుగురిలో ఇబ్బంది అనిపిస్తే జేబులో నున్నటి చింతగింజ ఒకటి పెట్టుకుని వేళ్ళతో తిప్పుకోవచ్చు. బస్సులో కూర్చుని జపమాల తిప్పే ముసలమ్మను ఎవరూ వింతగా చూడరు కదా!

శ్రద్ధ గురించి డైనా మరే, ఆమె సహచరులు 2005లో ఒక ఊహ ముందుకు తెచ్చారు. ఆటిజం ఉన్నవాళ్ళ శ్రద్ధ ఒకటి రెండు విషయాల మీదే చాలా లోతుగా నిలుస్తుంది, పక్కకు లాగితే తిరిగి చేరడానికి చాలా ఖర్చవుతుంది అని. ఆటిజంలోని అన్నిటినీ ఇదొక్కటే వివరిస్తుందని అనుకోను. ఇంట్లో జరిగే గొడవల్లో సగాన్ని మాత్రం వివరిస్తుంది. పని మధ్యలో "ఒరే, ఆ బిందె ఇట్టా తీస్కరా" అంటే లేవడు. మొండితనం అనుకుంటారు. పదినిమిషాల ముందు చెబితే లేస్తాడు. పనులు నోటితో అయిదు చెప్పకుండా కాగితం మీద రాసి కంటికెదురుగా అంటిస్తే ఒకటి తర్వాత ఒకటి చేస్తాడు. పని నుంచి ఇంటికొచ్చిన వెంటనే ఎవరూ పలకరించని అర్ధగంట ఇంకా ముఖ్యం. మొదట్లో అమ్మకు బాధేస్తుంది.

"ఏమైంది నాయనా, ఎవురన్నా ఏమన్నా అన్యారా?"

"ఏమీ లేదుమా. అర్ధగంట ఉండి నేనే వస్తా."

ఈ రెండు ముక్కలు రోజూ ఒకే తీరుగా చెబితే పదిరోజుల్లో అమ్మ అడగడం మానేసి కాఫీ గడప దగ్గర పెట్టి పోతుంది. అప్పటికప్పుడు మాట పెగలనివాళ్ళు ఫోనులో ముందే టైపు చేసి పెట్టుకున్న ఒక వాక్యం చూపించవచ్చు. ఆందోళన పొంగుకొచ్చిన సమయంలో చుట్టూ చేరి ప్రశ్నలు వేయకూడదు, పట్టుకోకూడదు. దీపం తగ్గించి, టీవీ కట్టేసి, ఒక్కరే దగ్గర ఉంటే చాలు. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టించడానికి అదే సమయంలో బండెక్కించి తీసుకుపోవడం కంటే హాని చేసేది లేదు.

జాతర సంగతి విడిగా చెప్పాలి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో గంగమ్మ జాతర ఈ ప్రాంతపు మనుషులకు ప్రాణం. ఆటిజం ఉన్నవాళ్ళకు పలకలు, జనం, ధూపం, రాత్రంతా మెలకువ అన్నీ ఒకేసారి. వాళ్ళను ఇంట్లో వదిలేసి పోవడం ఒక తప్పు, మధ్యలోకి లాక్కుపోవడం ఇంకో తప్పు. గంగమ్మ మీద భక్తి వాళ్ళకు తక్కువేమీ కాదు. తెల్లవారుజామున జనం పలచగా ఉన్నప్పుడు పోయి మొక్కు తీర్చుకుని రావచ్చు. ఎక్కడ నిలబడాలో, ఎవరితో ఉండాలో, తట్టుకోలేకపోతే ఎవరింటికి వెళ్ళి కూర్చోవాలో ముందే ఖాయం చేసుకోవాలి. మరుసటి రోజు సెలవు పెట్టుకోవాలి. ఆ సెలవు జాతరలో భాగమే.

ఆడవాళ్ళ గురించి ఎవరూ అడగరు. కోడలిగా వచ్చిన ఇంట్లో చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగుతారు. నవ్వుతూ ఎదురెళ్ళాలి, కండ్లలోకి చూసి మాట్లాడాలి, ఎవరికి ఏ వరస పెట్టి పిలవాలో గుర్తుండాలి. ఆటిజం ఉన్న స్త్రీలు ఇదంతా చూసి నేర్చుకుని, గుర్తుపెట్టుకుని, అప్పజెబుతారు. ఇంత బాగా అప్పజెప్పడం వల్లే వాళ్ళకు ఆటిజం ఉందని ఎవరికీ తోచదు. లారా హల్ బృందం 2017లో ఈ దాపరికం గురించి ఆటిజం ఉన్న పెద్దవాళ్ళనే అడిగితే, ఆ తర్వాత ఒళ్ళు హూనమైపోతుందనీ, తామెవరో తమకే తెలియకుండా పోతుందనీ చెప్పారు. ఇంకో ఏడాదికి సారా కాసిడీ బృందం అధ్యయనంలో ఈ దాపరికానికీ చనిపోవాలన్న ఆలోచనలకూ లంకె బయటపడింది. అందుకే "చూడు, ఇప్పుడు ఎంత మామూలుగా ఉందో" అని మెచ్చుకునేటప్పుడు జాగ్రత్త కావాలి. అలాంటి ఆలోచన ఎవరికి వచ్చినా టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

నెలల తరబడి ఇట్లా నెట్టుకొస్తే ఒకరోజు శరీరం ఆగిపోతుంది. 2020లో డోరా రేమేకర్ బృందం దీన్ని వివరంగా నమోదు చేసింది: మూడు నెలలకు పైగా సాగే అలసట, వచ్చిన పనులే చేతకాకపోవడం, చప్పుళ్ళకు తట్టుకోలేకపోవడం. బాగా వంట చేసే మనిషి పొయ్యి ముందు నిలబడి తర్వాత ఏం చేయాలో తోచక ఏడుస్తుంది. ఇది బద్ధకం కాదు, కుంగుబాటులాగే కనిపించినా అన్నిసార్లూ కుంగుబాటూ కాదు. కుంగుబాటుకు ఇచ్చే సలహా "నలుగురిలో కలువు, బయటికి పో". ఇక్కడ అదే సలహా మనిషిని ఇంకా కిందికి తోస్తుంది. జనాన్ని తగ్గించాలి, బాధ్యతలు తగ్గించాలి, ఇష్టమైన ఒక్క విషయంలో గంటలు గంటలు మునిగిపోనివ్వాలి.

ఇక పని. మదనపల్లె టమాటా మార్కెట్లో సీజన్ ఉదయం ఊహించుకోండి. లారీలు, క్రేట్ల మోత, వేలంపాట కేకలు. ఆటిజం ఉన్న మనిషికి అక్కడ పని లేదని చెప్పేయడం తేలిక. కానీ అదే మండీ వెనక గదిలో ఏ రైతువి ఎన్ని క్రేట్లు, ఏ ధర, ఎంత బాకీ అని రాసుకునే లెక్క ఉంది. కేకల్లో నిలబడలేని మనిషి ఆ లెక్కలో ఒక్క అంకె తప్పకపోవచ్చు. ఆటిజం ఉంటే లెక్కలు వస్తాయని దీని అర్థం కాదు, అదొక సినిమా నమ్మకం. ఒకే చోట రెండు పనులు ఉంటే ఒళ్ళు ఏది తట్టుకుంటుందో చూసి ఇవ్వాలన్నదే నా మాట. నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద కూర్చునేవాళ్ళలో కొందరికి దాని లయే హాయి కావచ్చు, కొందరికి ఆ మోతే నరకం కావచ్చు.

బెంగళూరు ఈ ప్రాంతానికి పెద్ద పని చోటు. కుప్పం నుంచి రైల్లో, మదనపల్లె నుంచి బస్సులో పోయి వచ్చేవాళ్ళు ఎందరో. జర్మనీకి చెందిన శాప్ సంస్థ ఆటిజం ఉన్నవాళ్ళను సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో పెట్టుకోవడం మొదట ప్రయత్నించింది బెంగళూరు శాఖలోనే. అక్కడ బాగా జరగబట్టి 2013లో ప్రపంచమంతటా ఉన్న శాఖలకు ఆ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఇంటర్వ్యూలో కండ్లలోకి చూడలేదని, చేయి గట్టిగా కలపలేదని వెనక్కి పంపేసిన మనుషుల్లో ఎంత పని దాగి ఉందో అప్పటికి గానీ పెద్ద కంపెనీలకు తట్టలేదు.

ఆఫీసులో కావలసినవి ఖరీదైనవి కావు. గోడకు వీపు ఆనే మూల బల్ల. హెడ్‌ఫోన్ పెట్టుకునే అనుమతి. మాట రూపంలో కాక రాతలో పని. "వీలున్నప్పుడు చూడు" అంటే ఆటిజం ఉన్న మనిషి మూడు రోజులు దానికి అర్థం వెతుక్కుంటాడు, "బుధవారం సాయంత్రం అయిదింటికల్లా" అంటే మంగళవారమే ఇచ్చేస్తాడు. మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని తింటే టెక్కు అనుకోకూడదు, మిగతా సగం రోజుకు ఓపిక కూడగట్టుకుంటున్నాడు.

అపార్థాలు వచ్చినప్పుడు తప్పంతా ఆటిజం వైపే వేయడం మామూలు. డామియన్ మిల్టన్ అనే ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త 2012లో దీన్ని ప్రశ్నించాడు. ఒకరికొకరు అర్థం కాకపోవడం రెండు వైపుల నుంచీ జరుగుతుందన్నాడు. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఎనిమిదేసి మందిని వరసపెట్టి, ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించి చూసింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే ఉన్న వరసలో కథ, ఆటిజం లేనివాళ్ళ వరసలో నిలిచినంతగానే నిలిచింది. కలగలుపు వరసలోనే ఎక్కువ జారిపోయింది. తర్వాత ఇంకా ఎక్కువ మందితో చేసిన ప్రయోగంలో కలగలుపు వరస కూడా వెనకబడలేదు. రెండిట్లోనూ నిలబడిన సంగతి ఒకటే: ఆటిజం ఉన్నవాళ్ళకు కబురు అందించడం రాదన్నది నిజం కాదు. ఆఫీసులో "వాడికి చెప్పడం రాదు" అనుకున్నప్పుడు "మనకు వినడం వచ్చా" అని కూడా అడగాలి.

ఆఫీసులో ఇట్లాంటి సౌకర్యాలు అడగడానికి చట్టం ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేరింది. ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ళున్నవాళ్ళు చిన్నప్పుడు "మొద్దు", "మొండి" అనిపించుకున్నారే గానీ కాగితం మీద ఏమీ లేకుండా పెరిగింది అందుకే. పెద్దయ్యాకైనా పరీక్ష చేయించుకోవచ్చు. ప్రభుత్వ వైద్యాధికారులు 40 శాతం, అంతకు పైగా అని ధ్రువీకరిస్తే ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతం భాగానికి అర్హత వస్తుంది. ఆ ఒక శాతాన్ని మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళతో పంచుకోవాలి. ప్రభుత్వ కార్యాలయాలు ఉద్యోగికి తగిన సౌకర్యం కల్పించి తీరాలి, ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి.

అడిగేటప్పుడు జబ్బు పేరుతో మొదలుపెడితే ఎదుటివాళ్ళు భయపడతారు, జాలిపడతారు. పని పేరుతో మొదలుపెట్టడం మంచిది. ఇట్లా రాయవచ్చు: "అయ్యా, నాకు చెప్పే పనులు మెసేజ్ రూపంలో, ఏ రోజు ఏ వేళకు కావాలో రాసి పంపితే పొరపాట్లు లేకుండా చేయగలను. ట్యూబ్‌లైటు కింది బల్ల బదులు కిటికీ పక్క బల్ల ఇప్పించగలరు. రొద ఎక్కువ ఉన్నప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి అనుమతి కోరుతున్నాను. ధ్రువపత్రం జతచేస్తున్నాను." ఇచ్చిన తేదీ వేసి ఒక నకలు దగ్గర పెట్టుకోవాలి. ప్రభుత్వ కార్యాలయమైతే ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరు అక్కడే ఉండాలని అదే చట్టం చెబుతుంది. అక్కడ తెగకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయవచ్చు. రాయడం చేతకాని రోజుల్లో ఇంట్లో ఒకరు పక్కన కూర్చుని రాసిపెట్టాలి, అవసరమైతే ఆఫీసుకు తోడు వెళ్ళాలి.